కాదనడం రాని మనిషి

మా బావకు కాదనడం రాదు. బావ అంటే మేనత్త కొడుకు, నా మొగుడు. పెళ్ళయిన కొత్తల్లోనే ఆ సంగతి నాకు తెలిసిపోయింది. నేను కూరలో ఉప్పు ఎక్కువ వేసి పెడితే, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నా మొహం చూసి, "తప్పయిపోనాదే" అనేవాడు. ఉప్పు వేసింది నేను, తప్పు ఆయనది. మొదట్లో నన్ను ఆట పట్టిస్తున్నాడనుకుని మండిపడేదాన్ని. తర్వాత అర్థమైంది, పాపం నిజంగానే అంటున్నాడని. ఎదుటివాళ్ళ కనుబొమలు కాస్త ముడిపడితే చాలు, ఆ మాట దానంతటదే నోట్లోంచి జారిపడుతుంది.

నాకు అది అస్సలు రాదు. తప్పు నాదైనా సరే, పది మాటలు తిప్పి చెప్తాను గానీ ఆ ఒక్క మాట మాత్రం రాదు. మా అమ్మ అందుకే అనేది, మీ ఇద్దరికీ కలిపి ఒక నోరు చాలు, అది నీకే ఇచ్చాడు దేవుడు అని.

రాయపూర్ రైల్వే కాలనీకి నేను కాపురానికి వచ్చేసరికి అక్కడ మా పార్వతీపురం వైపు వాళ్ళు చాలామందే ఉండేవారు. ఇంట్లో మా భాష, గడప దాటితే హిందీ, బజారుకెళ్తే ఛత్తీస్‌గఢీ. బావకు గూడ్సు షెడ్డులో కాపలా పని. వచ్చిన వ్యాగన్లకు రాత్రంతా లాంతరు పట్టుకుని తిరగడం, పొద్దున్న అప్పజెప్పడం. ఆ పనికి చేరిన రోజు నుంచి ఆయనకు నేర్పిన చదువు ఒక్కటే, సంజాయిషీ.

రైల్వేలో ఏం జరిగినా ఎవరో ఒకరు సంజాయిషీ రాసివ్వాలి. గాలికి లాంతరు గాజు పగిలితే సంజాయిషీ. ఎవరిదో మేక ఇంజను కింద పడితే సంజాయిషీ. ఒకసారి సిగ్నలు క్యాబిన్‌లో తేనెపట్టు పట్టిందని అక్కడి మనిషిని అడిగారు. మా లైన్లో రిటైరైన గుమస్తా తాతగారొకాయన ఉండేవారు. కాలనీ మొత్తానికి ఇంగ్లీషులో సంజాయిషీలు రాసిపెట్టేది ఆయనే. ఎవరి గొడవైనా మొదటి వాక్యం తప్పు జరిగిందని, చివరి వాక్యం ఈసారికి క్షమించమని. మధ్యలో ఏం జరిగిందో ఒకటి రెండు ముక్కలు. ఆ ముక్కలు ఎవరూ చదవరని తాతగారే చెప్పేవారు. పై ఆఫీసరు ‘హెచ్చరించడమైనది’ అని రాసి కాగితం పక్కన పడేస్తాడు. ఉద్యోగం భద్రం. తప్పు నాది కాదని రాసిన వాడి పేరు మాత్రం ఆఫీసులో పదికాలాల పాటు గుర్తుంటుంది. తేనెపట్టు మనిషి కూడా క్షమించమనే రాశాడు. తేనె తినకుండానే.

స్వాతంత్ర్యం వచ్చి, రాజ్యాంగం వచ్చిన కొత్తల్లో మాట ఇది. బట్టకు కంట్రోలు. మిల్లు గుడ్డ బంగారంలా ఉండేది. అలాంటి రోజుల్లో ఒక ఉదయం షెడ్డులో వ్యాగను తలుపు తీస్తే గుడ్డల బేలు ఒకటి తక్కువ వచ్చింది. అవతలి వైపు తలుపుకు సీలు తెగి ఉంది. రాత్రి కాపలా మా బావది. ఇంకేం కావాలి?

రైల్వే పోలీసులు మధ్యాహ్నం వచ్చారు. బావ స్నానం చేసి అప్పుడే నడుం వాల్చాడు. ఇల్లంతా వెతికారు. నా పెళ్ళినాటి పెట్టెలో చీరలు తీసి విదిలించారు. ఏమీ దొరకలేదు, అయినా రమ్మన్నారు. చేతికి బేడీ వేసి, దానికో తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని కాలనీ నడిమధ్య నుంచి నడిపించుకుపోయారు. కొళాయి దగ్గర ఆడవాళ్ళందరూ నిలబడిపోయారు. అప్పుడు కూడా బావ నా వైపు తిరిగి, "తప్పయిపోనాదే, నువ్వు తినీసి పడుకో" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియని మంట.

మర్నాడు మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్ళారని తెలిసి కచేరీకి పరిగెత్తాను. నేను చేరేసరికే ఆ పని అయిపోయింది. వరండాలో బేడీతో కూర్చుని ఉన్నాడు. మొహం తేటగా ఉంది. "అయ్యగోరు మంచోరే. నాను సెప్పీసినాను. ఒగ్గేస్తారు" అన్నాడు.

"ఏటి సెప్పినావు?"

"మన మాటే. గల్తీ హో గయీ హుజూర్, మాఫ్ కీజియే అన్నాను."

అదెంత పని చేసిందో ఆ పూట నాకూ తెలియదు. వకీలు దగ్గర కూర్చున్నాకే తెలిసింది.

ఆ వకీలును కుదిర్చింది మా పాలవాడు. ధర్సీవా దగ్గర వాడికి కాస్త పొలం ఉంది. వాడి భూమి తగాదా ఈయనే నడిపాడట. బావను విడిపించడానికి జమానతు నిలబడింది కూడా ఆ పాలవాడే. మా వాళ్ళలో పెద్ద పెద్ద ఉద్యోగాల వాళ్ళు గడప దిగలేదు. రోజూ పాలలో నీళ్ళు కలిపాడని నేను తిట్టే మనిషి మాత్రం వచ్చి కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఆ తర్వాత నేనెప్పుడూ ఆ పాల సంగతి ఎత్తలేదు.

వకీలు ముసలాయన. మాట మెత్తన, చూపు సూది. నా వచ్చీరాని హిందీ ఓపిగ్గా విన్నాడు. పోలీసుల ముందు ఏం ఒప్పుకున్నా కోర్టులో చెల్లదని ఆయన చెప్తే నేను నమ్మలేదు. కొట్టి ఒప్పిస్తారని ఆ చట్టం రాసినవాళ్ళకు ముందే తెలుసన్నమాట. అంత తెలిసినవాళ్ళు కొట్టకుండా చేసే చట్టం కూడా రాయొచ్చు కదా అన్నాను. ఆయన నవ్వి, అదీ ఉంది బాయీ అన్నాడు.

తర్వాత నవ్వు పోయింది. "కానీ నీ పెనిమిటి చెప్పింది మేజిస్ట్రేటుకు. అది చెల్లుతుంది. తప్పు ఒప్పుకుని క్షమాపణ అడిగాడని రాసి ఉంది, కింద సంతకం ఉంది. కేసులో ఇంకేమీ లేదు. బేలు దొరకలేదు, చూసినవాడు లేడు. ఈ ఒక్క మాట మీదే జైలుకు పోతాడు. జైలుకు పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే మీ క్వార్టరు పోతుంది" అన్నాడు.

"నోరు మూసుకుని ఉండొచ్చని ఆయనకెవరూ చెప్పలేదా?" అని అడిగాను.

"చెప్పారు. అదీ రాసి ఉంది. పోలీసులను బయటికి పంపి, నువ్వేమీ చెప్పనక్కర్లేదు, చెప్తే అది నీ మీదికే రావచ్చు అని విడమరిచి చెప్పారు."

నేను బావ వైపు తిరిగాను. గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, కుర్చీ చూపిస్తే కూడా కూర్చోకుండా.

"సెప్పినారా?"

"సెప్పినారు. ఎంతో మర్యాదగా సెప్పినారు. అంత పెద్దాయన అంత నెమ్మదిగా మాటాడితే, ఉలుకూ పలుకూ నేకుండా కూకుంటే ఏటి బాగుంటాది? అందుకే..."

వకీలుకు తెలుగు రాదు. నేను హిందీలో చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో భయపడి ఒప్పుకున్నవాళ్ళను చూశాను, దెబ్బలకు ఒప్పుకున్నవాళ్ళను చూశాను, మర్యాద కోసం ఒప్పుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానన్నాడు.

అప్పుడు నాకు పట్టలేని కోపం వచ్చింది. "ఆ మాట అననివాడు ఎవడున్నాడు మా కాలనీలో? మేక చచ్చినా అదే మాట, గాలి వీచినా అదే మాట. అంతెందుకు, మొన్న వానల్లో షెడ్డు కప్పు కారి బియ్యం బస్తాలు తడిసిపోతే ఆ గూడ్సు బాబు ఏం రాశాడు? తప్పయింది, క్షమించండి అనే కదా రాశాడు. వాన ఆయనే కురిపించాడా?" అని అరిచాను.

వకీలు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "అది నీకెలా తెలుసు?" అన్నాడు.

"రాసిపెట్టింది మా తాతగారే. లైనంతా చెప్పుకుని నవ్వుకున్నాం."

గూడ్సు బాబు అంటే షెడ్డు మీద పెద్ద. కేసులో మొదటి సాక్షి ఆయనే. వకీలు ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. బావకు మాత్రం ఒకటే చెప్పాడు, ఈసారి కోర్టులో నేరం ఒప్పుకుంటావా అని అడుగుతారు, లేదని చెప్పాలి, అది చెప్పే హక్కు నీకుంది, నీ బదులు నేను చెప్పలేను అని.

హక్కు సంగతి సరే, చెప్పే నోరేది? ఆ రోజు నుంచి మా ఇల్లే కచేరీ అయింది. నేను పీట మీద కూర్చుని, బావ యూనిఫారం కోటు తొడుక్కుని, గరిటె పట్టుకుని అడిగేదాన్ని. "జుర్మ్ కబూల్ హై?" నేరం ఒప్పుకుంటావా అని. బావ ఎదురుగా నిలబడి చేతులు కట్టుకునేవాడు. తల వంచేవాడు. పెదవులు కదిలేవి గానీ లేదన్న మాట వచ్చేది కాదు. పెళ్ళాం ముందే రానిది మేజిస్ట్రేటు ముందు వస్తుందా? మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత్తర్వాత ఆ కోటు తొడుక్కోవాలంటేనే నాకు భయం వేసేది.

పేషీలు మొదలయ్యాయి. పేషీ అంటే కోర్టు పిలిచిన రోజు. అంతేగానీ ఆ రోజు ఏదైనా జరుగుతుందని కాదు. పొద్దున్నే సద్ది కట్టుకుని వెళ్ళేవాళ్ళం. వరండాలో నేల మీద, గోడ వారన, మాలాంటివాళ్ళు బారులు తీరి ఉండేవాళ్ళు. ఒకసారి సాక్షి రాలేదు. ఒకసారి మేజిస్ట్రేటు టూరు వెళ్ళారు. ఇంకోసారి అందరూ ఉన్నారు గానీ మా వంతు వచ్చేసరికి పొద్దు గడిచిపోయింది. యార్డులో షంటింగు చూసే ఉంటారు, ఒక వ్యాగన్ని ఈ లైను నుంచి ఆ లైనుకు, ఆ లైను నుంచి ఈ లైనుకు తోస్తారు. అది ఎక్కడికి పోవాలో దాన్నెవరూ అడగరు. అలా ఉండేది మా పని.

మంచి చెప్పుకోకపోతే పాపం. విచారణ నడిపింది ఇంకో మేజిస్ట్రేటు, వయసు మళ్ళినాయన. సాక్షి ప్రతి మాటా ఆగి ఆగి రాసుకునేవారు. మధ్యలో బోను వైపు చూసి, నీకు అర్థమవుతోందా అని బావను అడిగేవారు. అర్థం కాకుండా ఎవణ్ణీ విచారించకూడదట. బావ ప్రతిసారీ అవునని తలూపేవాడు, అర్థమైనా కాకపోయినా. నాకు మాత్రం ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. మా వాళ్ళను నీకు అర్థమవుతోందా అని అడిగిన పెద్దమనిషిని అంతకు ముందు చూడలేదు.

సాక్షులు చెప్పాల్సింది చెప్పారు. బావ సంతకం పెట్టిన కాగితం చదివారు. ఆ తర్వాత ఒక పేషీలో నేరారోపణ చదివి వినిపించారు. నేను వెనక గోడ దగ్గర నిలబడి ఉన్నాను. గూడ్సు బాబు ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"సమఝ్ గయే? జుర్మ్ కబూల్ హై?"

బావ ముందు గూడ్సు బాబు వైపు చూశాడు. తర్వాత మేజిస్ట్రేటు వైపు. చేతులు మెల్లగా పైకి లేచి జోడించుకున్నాయి. ఆ చేతులు నాకు తెలుసు. ఆ చేతుల వెనక ఏ మాట వస్తుందో కూడా తెలుసు. గట్టిగా అరవాలనిపించింది. బిళ్ళ బంట్రోతు నా పక్కనే ఉన్నాడు. పైట చెంగు నోట్లో కుక్కుకున్నాను.

ఎంతసేపటికీ ఏ మాటా రాలేదు. కాగితాలు చూసే పేష్కారు మొహం ఎత్తి చూశాడు. బావ జోడించిన చేతులు విడదీసి బోను కర్ర పట్టుకున్నాడు.

"నహీ, హుజూర్."

వినపడలేదు, గట్టిగా చెప్పమన్నారు.

"నహీ, హుజూర్. నేను తియ్యలేదు."

మేజిస్ట్రేటు రాసుకున్నారు. మరి మొదటి మేజిస్ట్రేటు ముందు క్షమాపణ ఎందుకు అడిగావన్నారు. వకీలు నేర్పని ప్రశ్న అది. బావ తన హిందీలో, తడబడుతూనే చెప్పాడు. "హుజూర్, కుర్చీలో కూర్చున్నవాళ్ళు పిలిస్తే మేం ముందు ఆ మాటే అంటాం. సలాం కొట్టినట్టు. తర్వాత వాళ్ళు అడిగింది చెప్తాం. ఆ రోజు సలాం వరకే అయింది. రాత్రి ఏం చేశావని ఎవరూ అడగలేదు."

నేను వెనక గోడ దగ్గర ఏడుస్తున్నాను, బేడీ వేసిన రోజు రాని ఏడుపంతా.

అప్పుడు వకీలు గూడ్సు బాబును మళ్ళీ బోనెక్కించాడు. వ్యాగను ముందు రోజంతా రాయపూర్‌కు ముందున్న మందిర్ హసౌద్ స్టేషన్లో నిలిచి ఉందా అంటే ఉందన్నాడు. రాయపూర్ చేరాక అవతలి వైపు సీలు ఎవరు చూశారంటే, ఇవతలి వైపే చూస్తామన్నాడు. మరి అది ఇక్కడే తెగిందని ఎలా తెలుసంటే నీళ్ళు నమిలాడు. తర్వాత వకీలు ఎంతో మెల్లగా, "వానల్లో బియ్యం బస్తాలు తడిసినప్పుడు తమరు సంజాయిషీ ఇచ్చారు. క్షమించమని రాశారా?" అన్నాడు.

గూడ్సు బాబు మేజిస్ట్రేటు వైపు చూసి, "అది అలా రాయడం రివాజు సార్" అన్నాడు.

"వాన తమరు కురిపించారా?"

కోర్టంతా నవ్వింది. బంట్రోతు చుప్ చుప్ అని కేకేశాడు. మేజిస్ట్రేటు నవ్వలేదు. ఆ రివాజు మాట ఆయన కలం కింద పడటం నేను చూశాను. గూడ్సు బాబు మెడ మీద చెమట కారుతోంది. ఇన్ని రోజులు ఆయన్ని తిట్టని తిట్టు లేదు. అప్పుడు మాత్రం జాలేసింది. ఆయన పైన కూడా ఎవరో కుర్చీలో కూర్చుని ఉన్నారు కదా.

తీర్పు రోజు చదివింది నాకు సగం అర్థం కాలేదు. వకీలు వెనక్కి తిరిగి వదిలేశారని సైగ చేశాడు. ఆ బేలు ఎవరు తీశారో ఈనాటికీ తెలియదు.

కథ అక్కడితో ముగిస్తే బాగుండేది. కానీ కోర్టు వదిలినంత తేలిగ్గా రైల్వే వదలదు. బావ డ్యూటీలో చేరిన వారంలోనే కాగితం వచ్చింది. అనుమతి లేకుండా పనికి రాని రోజులకు సంజాయిషీ ఇవ్వాలట. అవి లాకప్పులో ఉన్న రోజులు. నేను బిగ్గరగా నవ్వాను. తర్వాత తాతగారికి కబురు పంపాను.

ఆ సాయంత్రం తాతగారు కలం, సిరాబుడ్డి పట్టుకుని వచ్చారు. "ఎంతలోకి అమ్మాయ్, రెండు ముక్కలు రాసిపడేస్తాను" అంటూ మా వరండాలో కూర్చున్నారు. తప్పు జరిగింది అన్న మొదటి వాక్యం అప్పుడే మొదలుపెట్టారు.

"తాతగోరూ, ఆ మాట వొద్దండి" అన్నాడు బావ.

"అది లేకుండా సంజాయిషీ ఏవిట్రా? అది మర్యాద."

"మర్యాదే తాతగోరూ. ఆ మర్యాదకే జైలుకెల్లిపోదును. పోలీసులు తీసుకెల్లినారు, కోర్టు ఒగ్గేసింది, నా తప్పు నేదు. అంతే రాయండి సాలు."

తాతగారు కలం కింద పెట్టారు. మళ్ళీ ఉద్యోగం మీదికి తెచ్చుకుంటావురా అన్నారు. ఇన్నాళ్ళూ ఎదిరించమని గరిటె పట్టుకుని నేర్పింది నేనే. తీరా ఎదిరిస్తుంటే, ఈ ఒక్కసారికి రాయించెయ్యి బావా అనబోయాను. ఆయన మొహం చూసి ఊరుకున్నాను. తాతగారు చివరికి బావ చెప్పినట్టే రాశారు. మొదటి వాక్యమూ చివరి వాక్యమూ లేని సంజాయిషీ ఆయన చేత్తో రాయడం అదేనట.

ఉద్యోగం పోలేదు. మందిర్ హసౌద్‌కు బదిలీ చేశారు, రైలు గేటు కాపలాకి. రాయపూర్‌లో ఇటుక క్వార్టరు వదిలి, గేటు పక్కన ఒంటి గదిలోకి వెళ్ళాం. కొళాయి లేదు, పక్కన మన మాట మాట్లాడే మనిషి లేదు. సామాన్లు దించుకున్న రోజు కొత్త పొయ్యి మీద హడావిడిగా వంకాయ కూర చేశాను. దిగులుతో చెయ్యి ఎలా తిరిగిందో ఏమో. బావ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. నేను ఆ మాట కోసం చూస్తున్నాను.

"ఉప్పెక్కువేసీసినావు" అన్నాడు.

ఏదో తప్పు చేసినట్టు చూస్తున్నాడేమోనని చూశాను. లేదు. మామూలుగా ఇంకో ముద్ద కలుపుకుంటున్నాడు. తిప్పి చెప్పడానికి పది మాటలు నోటిదాకా వచ్చాయి, ఉప్పు బరక ఉప్పని, పొయ్యి కొత్తదని. అవేవీ అనలేదు.

"తప్పయిపోనాది బావా" అన్నాను.

నా జన్మలో ఆ మాట అనడం అదే మొదటిసారి.